ఒకే నీళ్ళలో ఆరు పాములు

పోయిన కార్తీకంలో నేను బతికున్న పాము వీపు మీద వేలు పెట్టి నిమిరాను. ఈ మాట తెనాలిలో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ నమ్మడం లేదు. వాళ్ళ తప్పేమీ లేదు. దొడ్లో నీళ్ళ గొట్టం కాస్త మెలిక తిరిగి కనిపిస్తే కేకపెట్టి గడప లోపలికి గెంతే మనిషిని నేను. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చిత్తూరు వైపు వెళ్ళేవాళ్ళు కొండ ఎక్కుతారు, కాళహస్తిలో పూజ చేయించుకుంటారు, లడ్డూలు పట్టుకుని వచ్చేస్తారు. నేను పాముల కోసం వెళ్ళాను.

నా పని పిల్లల పుస్తకాలకూ, బడి గోడలకు తగిలించే చార్టులకూ బొమ్మలు వెయ్యడం. పండ్లు, పక్షులు, బళ్ళు, పళ్ళు తోముకునే పద్ధతి, అన్నీ వేశాను. ఆరేళ్ళ కిందట పాముల చార్టు వేశాను. ఒక్క పామునూ కళ్ళారా చూడకుండా, ఫొటోలు ముందు పెట్టుకుని వేశాను. ఎడమ సగంలో తామరకొలను, అందులో విషం లేని పాములు. కుడి సగంలో ఎండిన నేల, పుట్ట, రాళ్ళు, అక్కడ విషప్పాములు. కొలను ఎంత బాగా కుదిరిందో చెప్పలేను. దాంట్లో ఒక మూల ఖాళీగా అనిపిస్తే, ఒంటి మీద పట్టీలుండే ఒక సాధుపామును తెచ్చి అక్కడ ఈదించాను. నిజానికి అది గోడ సందుల్లో బల్లుల్ని తిని బతికే జీవి. నీళ్ళతో దానికి పనిలేదు. ఖాళీ నిండింది, డబ్బు వచ్చింది, ఆ చార్టు సంగతి మరిచిపోయాను.

పోయిన ఏడాది వానాకాలంలో ఒక ఫోన్ వచ్చింది. నగరి దగ్గర ఒక పల్లె బడిలో పనిచేసే గంగాధరం అనే మాస్టారు. చార్టు అడుగున నా పేరు చూసి, ఎవరెవరినో అడిగి నంబరు సంపాదించారట. వాళ్ళ ఊళ్ళో చెంచయ్య అని చెరువులో చేపలు పట్టేవాడున్నాడు. కూతురి మార్కుల కాగితం మీద సంతకం పెట్టడానికి బడికి వచ్చినప్పుడల్లా నా చార్టు ముందు నిలబడి చూసేవాడు. ఒక సాయంత్రం చెరువు కట్ట మీద అతన్ని ఒక పట్టీల పాము కరిచి, నీళ్ళలోకి జారిపోయింది. పట్టీలున్నాయి, నీళ్ళలోకి పోయింది, అచ్చం నా బొమ్మలోలాగే. విషం లేని పామేలే అనుకుని, కాలు కడుక్కుని ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాడు. అది కట్లపాము. తిరుపతి ఆసుపత్రిలో తొమ్మిది రోజులు మిషను మీద ఊపిరి పీల్చి బతికాడు.

వింటూనే వెళ్ళి బీరువాలోంచి ఆ చార్టు తీశాను. మాస్టారు మాత్రం నెమ్మదిగా మాట్లాడారు.

"మిమ్మల్ని అనేదానికి చెయ్యలేదు మేడం. ఆయప్ప బాగుండాడు. ఆయన పెండ్లాం మునెమ్మే చెరువులో దిగేది మానేసింది. మీరొకసారి వచ్చి, కండ్లతో చూసి, బొమ్మ మళ్ళా వేస్తే బాగుంటాది."

నగరి

నగరిలో దిగగానే ముందు చెవులకు పని పడింది. ఏ సందులోకి తిరిగినా ఇళ్ళలోపల నుంచి మరమగ్గాల చప్పుడు. లాడ్జి కుర్రాడు దాంట్లోనే హాయిగా ఫోన్ మాట్లాడుతున్నాడు, నాకు మాత్రం అతను పెదాలు కదుపుతున్నట్టే కనిపించింది. ఊళ్ళో ఎవరిని పలకరించినా ఒక వాక్యం తెలుగు, ఒక వాక్యం అరవం. టిఫిన్ బండి దగ్గర నలభై రూపాయలకు నాలుగు ఇడ్లీలు, ఒక బోండా, సాంబారు ఎంత కావాలంటే అంత. మా తెనాలిలో ఇడ్లీ అంటే అల్లం పచ్చడి, కారప్పొడి, నెయ్యి. సాంబారు అడిగితే చిన్న గిన్నెలో పోసి, మళ్ళీ అడిగితే మొహం అదోలా పెడతారు. ఇక్కడ బకెట్టుతో వచ్చి ఇడ్లీ మునిగేదాకా పోశాడు. నేను చాలనకపోతే ఇంకా పోసేవాడే.

నా పరువు మొదటి పొద్దునే పోయింది. నిద్ర లేచి మంచం దిగబోతే మంచం కింద నల్లగా, తెల్ల పట్టీలతో ఒకటి చుట్ట చుట్టుకుని ఉంది. పాముల్ని చూడ్డానికి వచ్చినదాన్ని, మంచం మీద నిలబడి అరిచాను. కుర్రాడు వచ్చి వంగి చూసి, దాన్ని రెండు వేళ్ళతో పైకి తీశాడు. నాకు ముందు ఆ గదిలో దిగిన వ్యాపారి వదిలేసిన లుంగీ అంచు. కుర్రాడు నవ్వలేదు, అదే ఎక్కువ బాధ. కిందికి వెళ్ళేసరికి టిఫిన్ బండి ఆయనకు కూడా తెలిసిపోయింది.

చెరువు కట్ట

నగరి నుంచి ఆటోలో అరగంట. మామిడి తోటలు, శెనక్కాయ చేలు, మధ్యలో ఉన్నట్టుండి పెద్ద చెరువు. వానలకు నిండి, ఎండలో మెరుస్తోంది. గంగాధరం మాస్టారు కట్ట మీద నా కోసం నిలబడి ఉన్నారు. సన్నగా, గొడుగు చేత్తో పట్టుకుని, వాన లేకపోయినా.

చెరువు చూసిన ఆనందం కట్ట దిగేలోపే పోయింది. కంపచెట్ల కంచె మీద వరసగా చచ్చిన పాముల్ని వేలాడదీశారు. చెంచయ్యకు అలా అయ్యాక ఊళ్ళోవాళ్ళు చెరువు పక్కన కదిలిన ప్రతి పామునూ కొట్టేస్తున్నారట. నేను సంచిలోంచి ఫొటోల పుస్తకం తీసి, ముక్కు మూసుకుని, ఒక్కోదాన్నే పోల్చి చూశాను. మొత్తం పదకొండు. వాటిలో తొమ్మిది నీరుకట్టెలు, చదరంగం గళ్ళ లాంటి మచ్చలతో, కంటి కింద రెండు నల్ల చారలతో. రెండు సారపాములు, మా వైపు జెర్రిపోతు అంటాం. ఒక్కదానిలోనూ విషం లేదు. కట్లపాము ఒక్కటీ లేదు.

చెంచయ్య, మునెమ్మల ఇల్లు కట్ట కిందే. చెంచయ్యకు నలభై దాటి ఉంటాయి, గొంతు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు, మాట బొంగురుగా వస్తుంది. నేను క్షమించమని చెప్పుకోవడానికి దారి పొడవునా మాటలు కూర్చుకుని వెళ్ళాను. ఆయన నాకు పీట వేసి, "బొమ్మ బాగుండాది మేడం, తామరపూలు శానా బాగుండాయి" అన్నాడు. దాంతో నేను కూర్చుకున్నవన్నీ మరిచిపోయి ఏడ్చేశాను. ఆయన కంగారుపడి మునెమ్మను కేకేశాడు.

మునెమ్మ మనిషి గట్టిది, మాట ఇంకా గట్టిది. ముందు రాగిసంగటి, ఊరిబిండి పెట్టింది. ఊరిబిండి అంటే వేయించిన శెనక్కాయలు, మిరపకాయలు, చింతపండు వేసి రోట్లో నూరిన పచ్చడి. సంగటి ముద్దను నమలకూడదట, ముంచుకుని మింగాలట. నేను నమిలాను. ఆవిడ చూసి తల తిప్పుకుని నవ్వింది. తర్వాత చూరుకు వేలాడుతున్న ఊతను చూపించింది. ఊత అంటే అడుగు లేని వెదురు బుట్ట. మోకాటి లోతు నీళ్ళలో నడుస్తూ, చేప కదిలిన చోట దాన్ని దభీమని దించి, పై కంతలోంచి చెయ్యి పెట్టి తడిమి చేపను తియ్యాలి. లోపల ఏముందో కనిపించదు. పదేళ్ళ వయసు నుంచి ఆవిడ చేస్తున్నది ఆ పనే. ఇప్పుడు ఊతకు సాలెగూడు పట్టింది. ఆవిడ శెనక్కాయ చేలలో కలుపు తియ్యడానికి పోతోంది. చెంచయ్య ఒంట్లో ఇంకా నీళ్ళలో దిగే సత్తువ లేదు. అంటే ఆ ఇంటికి చెరువు ఉండీ లేనట్టే.

"మునుపు సేతికి తగిలితే సాలు, సేపో పురుగో తెల్సేది. ఏ పురుగో కూడా తెల్సేది. నీరుకట్టె గరుకు, నున్నగా ఉండేదాన్ని ఇడిసేస్తాం. ఇప్పుడు సెయ్యి పెడితే ఆయప్ప మిషను కాడ పండుకోని ఉండేదే అగుపిస్తాది."

మా వైపు 'పాము' అని ఊరు దద్దరిల్లేలా అరుస్తాం. ఇక్కడ చాలా ఇళ్ళల్లో ఆ పేరెత్తరు, పురుగు అంటారు. మునెమ్మకు తెలిసినవి రాసుకోవడానికి నా పుస్తకంలో మూడు పేజీలు పట్టింది. నీరుకట్టె పొలుసులకు నడిమధ్య గీత లేస్తుంది, అందుకే గరుకు, ఒళ్ళు మెరవదు. కట్లపాము నూనె రాసినట్టు మెరుస్తుంది. నేను కొలనులో ఈదించిన గోడపాముకు పట్టీలు తల దగ్గర బాగా కనిపించి తోకవైపు మాసిపోతాయి. కట్లపాముకు మెడ దగ్గర దాదాపు ఏమీ ఉండవు, తోకవైపు తెల్లగా తేలతాయి. పదిహేను పుస్తకాలు చూసి వేసినదాన్ని, ఈ తేడా నాకు తట్టలేదు. నా బొమ్మలో రెండింటికీ పట్టీలు ఒకే కొలతతో గీశాను.

ఆ మధ్యాహ్నం మేమిద్దరం కట్ట మీద కూర్చుంటే తూము దగ్గర ఒక తల నీళ్ళ పైకి లేచి, చుట్టూ చూసి, మళ్ళీ మునిగింది. నా మొదటి బతికున్న పాము. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, గోళ్ళు దిగాయని తర్వాత చెప్పింది. భయం సగం, సంతోషం సగం. అది నీరుకట్టె అని ఆవిడ చెప్పకముందే నేను చెప్పేశాను.

తిరుపతి

చెంచయ్యకు ఆసుపత్రిలో చూపించుకోవలసిన రోజు కావడంతో ఆయన వెంట నేనూ తిరుపతి వెళ్ళాను. పుత్తూరు దాటాక చూస్తే బస్సులో సగం మంది, దారిలో ఏదో గుళ్ళో మొక్కు తీర్చుకుని కొండకు వెళ్తున్న గుండ్లవాళ్ళే. గుండు మీద గంధం ఇంకా తడిగా ఉన్న ఒక పాప నా భుజం మీద నిద్రపోయి, నా చీర అంతా గంధం చేసింది. ఏడుకొండల వైపు చూసి దణ్ణం పెట్టుకున్నాను గానీ, ఈసారి పైకి వెళ్ళలేదు. తిరుపతి దాకా వచ్చి కొండ ఎక్కలేదంటే మా అత్తగారు నెల రోజులు మాట్లాడలేదు.

ఆసుపత్రిలో చెంచయ్యను చూడగానే ఒక నర్సు లేచి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, తెల్ల చెప్పులు, చేతిలో ఎప్పుడూ ఒక ఫైలు. ఆ తొమ్మిది రోజులూ ఆయన మంచం పక్కన ఎక్కువగా ఉన్నది ఆవిడే. నేనెవరో చెంచయ్య చెప్పాడు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తిట్లు పడతాయని తల వంచుకున్నాను. కానీ ఆవిడ నన్ను వరండాలోకి తీసుకుపోయి టీ తెప్పించింది. పది రూపాయల టీ, చెరకుపానకం అంత తీపి.

టీ తాగుతూ ఆవిడ పాముకాట్ల సంగతి చెప్పింది. నీరుకట్టెకు చిన్న చిన్న పళ్ళు వరసగా ఉంటాయి కాబట్టి కరిస్తే రక్తం కారుతుంది, మనిషి హడలిపోతాడు. కట్లపాము కరిస్తే చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కనిపించదు. గంటల తర్వాత కనురెప్పలు వాలతాయి, మింగుడు పడదు, ఊపిరి ఆగుతుంది. రక్తపింజర అయితే నొప్పీ, వాపూ రెండూ. ఏడ్చేవాడికి ఏమీ కాకపోవచ్చు, నవ్వేవాడు పోవచ్చు. చెంచయ్య కూడా తలాడించి, ముల్లు గీరినట్టే ఉండిందని, రక్తం చుక్క కూడా రాలేదని అన్నాడు.

నేను ఉత్సాహంగా పుస్తకం తెరిచి, పొలుసులు, చారలు, పట్టీలు చూపించి, ఈసారి చార్టులో అన్నీ సరిగ్గా వేస్తానని చెప్పాను. ఆవిడ పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది.

"వెయ్యమ్మా, బాగా వెయ్యి. ఊరికే కొట్టి చంపకుండా ఉంటారు. కానీ ఒక మాట రాయి. ఆ బొమ్మ చూసుకునేది కరవక ముందు. కరిచినాక బొమ్మ చూసేది లేదు, పామును ఎతికేది లేదు, కోసేది కట్టేది లేదు. ఏ పామైనా సరే, బండి ఎక్కాల."

ఆ మాట అక్కడే, ఆవిడ ముందే రాసుకున్నాను.

శ్రీకాళహస్తి

ఈసారి బొమ్మ బడి గోడకు కాదు, చెరువు గట్టునే ఉండాలి, అక్కడ కాగితం చార్టు రెండు వానలకు నిలవదు. బట్ట మీద వేయించాలని, చెంచయ్యను నగరి బస్సు ఎక్కించాక, నాకు తిరుపతి బస్టాండులో తట్టింది. గంట దూరంలో కాళహస్తి ఉంటే, కలంకారీ ఉంటే, ఇంకెక్కడికి పోతాను?

కలంకారీ గీసే గురవయ్యగారి ఇంటికి వాసన పట్టుకుని వెళ్ళవచ్చు. బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరేస్తారు. లోపల ఒక కుండలో పాత ఇనుము, బెల్లం రోజుల తరబడి ఊరుతుంటాయి, అదే నల్ల రంగు. వెదురుపుల్ల చివర చెక్కి, పైన ఉన్ని చుట్టి, దాన్నే కలంగా పట్టుకుంటారు. నేను ఆ కుండలోకి తొంగిచూడబోయి కొంగు ముంచేశాను. ఆయన భార్య నిమ్మకాయతో తోమింది, సబ్బుతో తోమింది, చివరికి ఇది మీ చీరకు ఇక్కడి గుర్తులే అని వదిలేసింది. ఇప్పటికీ పోలేదు.

గురవయ్యగారు డెబ్భై దాటిన మనిషి. అరవై ఏళ్ళుగా రామాయణం గీస్తున్నారు. ఆరు పాములు కావాలని చెప్పాను. మూడు విషం లేనివి, నీరుకట్టె, సారపాము, గోడపాము. మూడు విషమున్నవి, నాగుపాము, కట్లపాము, రక్తపింజర. ఫొటోలు ఇచ్చాను. మర్నాటికల్లా చింతబొగ్గుతో గీసి చూపించారు. అద్భుతమైన గీత. కానీ ఆరింటికీ పడగలున్నాయి. రక్తపింజరకు పడగతో పాటు మణి కూడా ఉంది.

ఇదేమిటని అడిగితే ఆయన ఆశ్చర్యపోయారు. ఈ ఊరి పేరులోనే సాలీడు, పాము, ఏనుగు ఉన్నాయి, శివుడికి పూజ చేసిన పామును పడగ లేకుండా ఎవరు గీస్తారని ఆయన వాదన. ఆయన నాయన గీసింది అలాగే, ఆయన నాయనకు వాళ్ళ నాయన నేర్పింది అలాగే. పడగ లేకుంటే జనం దాన్ని వానపాము అనుకుంటారట. నేను ఇలాగే ఒకసారి తప్పు గీస్తే ఒక మనిషి ప్రాణం దాదాపు పోయిందని చెప్పాను. చెంచయ్య కథంతా విన్నారు. అయినా పడగలు చెరపలేదు. తర్వాత ఇంకో పేచీ వచ్చింది. ఈసారి వెనక ఏ కొలనూ, ఏ పుట్టా వద్దని, తెల్లగా వదిలెయ్యమని అడిగాను. కలంకారీలో ఖాళీ వదలడమంటే ఆయనకు అన్నంలో ఉప్పు వెయ్యకుండా వడ్డించినట్టే.

"ఖాళీ ఇడిచేది నా సేతకాదమ్మా" అని కలం కింద పెట్టేశారు.

స్వర్ణముఖి

మర్నాడు ఉదయం ఆయన ఏదో గుడికి రాముడి పట్టాభిషేకం గీసిన పెద్ద బట్టను ఉతకడానికి ఏటికి వెళ్తుంటే నేనూ వెంటపడ్డాను. పారే నీళ్ళలో వేస్తే తప్ప బట్టలోని మడ్డి పోదు. ఎండాకాలంలో స్వర్ణముఖిలో ఇసుకే ఉంటుందట, మా అదృష్టం కొద్దీ ఆ కార్తీకంలో మోకాటి లోతున చక్కగా పారుతోంది. ఆయన పంచె ఎగగట్టి దిగారు. బట్ట ఒక కొస ఆయన చేతిలో, రెండో కొస నా చేతిలో. నీళ్ళ అడుగున ఎన్ని జారుడు రాళ్ళో, నేను రెండుసార్లు కూర్చుండిపోయాను. బట్ట మాత్రం వదల్లేదు.

అప్పుడు ఏటి ఎగువ నుంచి ఒక పాము ఈదుకుంటూ వచ్చింది. బట్టను చూసి ఆగింది. మా ఇద్దరి మధ్య, రాముడి పట్టాభిషేకం మీద, చేతి పొడవు దూరంలో. నేను కదిలేసరికి బెదిరి, తల కాస్త ఎత్తి, మెడ వెడల్పు చేసింది. గురవయ్యగారు చేతులు జోడించబోయారు, బట్ట ఉండడంతో ఆగిపోయారు.

పరుగెత్తాలని కాళ్ళు అంటున్నాయి, చూడమని కళ్ళు అంటున్నాయి. చూశాను. మెడ చదునైంది గానీ నాగుపాము పడగలా విచ్చుకోలేదు, ఒళ్ళు నిటారుగా లేవలేదు. కంటి కింద రెండు నల్ల చారలు. వీపు మీద గళ్ళు. మెరుపు లేదు. నీరుకట్టె. భయపడితే అది నాగుపాములా నటిస్తుందని పుస్తకాల్లో చదివాను, ఆ నటన నా కళ్ళ ముందు జరుగుతోంది. ఈ సంతోషాన్ని ఎలా చెప్పాలో నాకు తెలియదు. గట్టిగా మాట్లాడితే పోతుందేమోనని గుసగుసగా ఆయనకు ఒక్కోటీ చెప్పాను. ఆయన వంగి, కళ్ళు చికిలించి, నేను చూపించినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూశారు. అది పట్టాభిషేకం దాటి, అంచు లతల మీదుగా జారి, ఏటి వాలున వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చాక ఆయన తడి పంచె కూడా మార్చుకోకుండా కొత్త బట్ట పరిచారు. సాయంత్రానికి ఆరు పాములు లేచాయి. పడగ నాగుపాముకే. నీరుకట్టె మెడ కాస్త చదునుగా, కంటి కింద రెండు చారలతో, పొలుసు పొలుసుకూ గీతతో. కట్లపాము పట్టీలు తోకవైపు. రక్తపింజర వీపున గొలుసు. నేను ఆనందంతో ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాను. ఖాళీ సంగతి మాత్రం ఆయన వదల్లేదు. నేను భోజనానికి వెళ్ళి వచ్చేలోపల బట్టంతా అలలు గీసేశారు. అటు అంచు నుంచి ఇటు అంచుకు ఒకే నీళ్ళు, మధ్యమధ్య చేపలు, ఆ నీళ్ళలోనే ఆరు పాములూ.

"ఏట్లో మనం జూసినాం గదా, నీళ్ళకు గోడ యాడుండాది?" అన్నారు.

కోపంగా దగ్గరికి వెళ్ళినదాన్ని ఆ బట్ట ముందు కూలబడిపోయాను. నేను కొలనునూ నేలనూ విడదీసి చేసిన తప్పు ఆ అలల్లో పోయింది. నాగుపాము ఈదుతుంది, కట్లపాము ఈదుతుంది, రక్తపింజర కూడా ఈదుతుంది. ఎక్కడుందన్నది కాదు, ఎలా ఉందన్నదే చూడాలి. అడుగున నర్సు చెప్పిన మాటలు పెద్ద అక్షరాల్లో రాయించాను.

మళ్ళీ చెరువు

తూము పక్కన రేకుల షెడ్డు గోడకు గంగాధరం మాస్టారు బట్టను మేకులు కొట్టి తగిలించారు. కంచె మీది పాముల్ని అప్పటికే తీయించి పూడ్పించారు. ఊళ్ళోవాళ్ళు చాలామంది వచ్చారు. నర్సు మాటలు మాస్టారు రెండుసార్లు చదివారు. చెంచయ్య కట్లపాము ముందు నిలబడి దాని తోకవైపు వేలితో చూపించి, ఔను ఇదే అన్నాడు. మునెమ్మ బట్టను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూసింది. ఇంటికి వెళ్ళి, ఊత సాలెగూడు దులిపి పట్టుకుని వచ్చింది.

ఆవిడ నీళ్ళలో దిగుతుంటే కట్ట మీద అందరూ అంచుకు జరిగారు. నేను పళ్ళ మధ్య కొంగు పెట్టుకుని చూస్తున్నాను. మోకాళ్ళ దాకా నడిచింది. నీళ్ళు కదిలిన చోట ఊత దించింది. చేత్తో పై కంత అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎంతసేపో తెలియదు, నాకు మాత్రం చాలాసేపు. తర్వాత చెయ్యి లోపలికి పెట్టింది. అరచేతి వెడల్పు జిలేబీ చేపను తీసి నా వైపు విసిరింది. నేను పట్టుకోలేకపోయాను, అది నా చెప్పుల మీద ఎగిరింది. అందరూ ఒక్కసారి నవ్వారు, నేను అందరికంటే గట్టిగా నవ్వాను. రెండో చేప, మూడో చేప. పాత మునెమ్మ తిరిగి వచ్చిందని మాస్టారు నా చెవిలో చెప్పారు.

అయిదో సారి చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి లాగింది. చూపుడు వేలి నుంచి రక్తం ధారగా కారుతోంది. కట్ట మీద గగ్గోలు లేచింది. ఆవిడ మాత్రం నింపాదిగా ఎడమ చెయ్యి పెట్టి, తడిమి, తల వెనకగా పట్టుకుని పైకి తీసింది. గళ్ళు, రెండు చారలు. నీరుకట్టె. నన్ను పిలిచింది. నేను చెప్పులు కూడా విడవకుండా నీళ్ళలోకి నడిచి వెళ్ళాను. దాని వీపు మీద వేలు పెట్టి నిమిరాను. ఇసుక కాగితంలా గరుకు, నేననుకున్నంత చల్లగా లేదు, లోపల ప్రాణం కదులుతోంది. మళ్ళీ చెబుతున్నాను, నేను నిమిరాను. తర్వాత ఆవిడ దాన్ని నీళ్ళలో వదిలింది. ఎవరూ కర్ర తియ్యలేదు.

అప్పటికే చెంచయ్య కట్ట మీద బండి స్టార్టు చేసి ఉన్నాడు. మునెమ్మ వేలు కడుక్కుని, చీర పిండుకుని, మారు మాట లేకుండా వెనక ఎక్కి కూర్చుంది. ఇద్దరూ నగరి వైపు వెళ్ళిపోయారు. ఇదెందుకో నాకు అర్థం కాలేదు. అది నీరుకట్టె అని ఆ కట్ట మీద అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆవిడే.

ఆసుపత్రిలో సాయంత్రం దాకా కూర్చోబెట్టి, టీకా వేసి పంపేశారట. తిరిగి వచ్చేసరికి నేను వాళ్ళ గడప మీద కూర్చుని చేపలు తోమడం నేర్చుకుంటున్నాను. ఆవిడ వేలికి తెల్లకట్టు. నా చేతిలోంచి చేపను లాక్కుని, నేను చేసినదంతా మళ్ళీ మొదటి నుంచి చేసింది. ఏ పామో తెలిసి కూడా ఎందుకు వెళ్ళావని అడిగాను. ఆవిడ దొడ్లో బండి నిలబెడుతున్న చెంచయ్య వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఇసం లేదని నాకు తెల్సు మేడం. నేనే ఆస్పత్రికి పోకుంటే, రేపు ఆయప్ప పోతాడా?"